అమ్మ జుట్టు, నా పంతం

ఆస్పత్రిలో పంతొమ్మిదో రోజు పొద్దున్నే నర్సు కత్తెర పట్టుకుని వచ్చింది. "మీరు సరేనంటే తీసేస్తానమ్మా, ఇంక దీంట్లోకి దువ్వెన దిగదు" అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఐసీయూలో పది రోజులు, వార్డులో తొమ్మిది రోజులు మంచం మీద కదలకుండా పడున్న మనిషి జుట్టు ఏమవుతుందో నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. వెనక భాగమంతా చెమటకీ రాపిడికీ ముద్ద కట్టి, దిండుకీ తలకీ మధ్య ఇంకో చిన్న దిండు పెట్టినట్టుంది. చెయ్యి పెడితే కొబ్బరి పీచులా తగిలింది. నెల రోజుల ముందు దాకా అమ్మ రోజూ సాయంత్రం నాలుగింటికి వసారాలో కూర్చుని దువ్వుకున్న జుట్టు అది. డెబ్భై ఆరేళ్ళ వయసులోనూ నడుము దాకా ఉండేది. పల్చబడింది, నెరిసింది, అంతే.

"వద్దు, ముట్టుకోకండి" అన్నాను. నా గొంతులో అంత కరుకుదనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియలేదు. నర్సు ఏమీ అనుకోకుండా కత్తెర జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆమె వైపు నేను చూడలేదు.

ఆ "వద్దు" ఎవరిదో అర్థం కావడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది.

*

2018 ఆగస్టులో అమ్మకి పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు. "అదే" అన్న ఒక్క మాట మిగిలింది. నీళ్ళు కావాలన్నా "అదే", నొప్పి అన్నా "అదే", కోపం వచ్చినా "అదే అదే అదే". ఇలాంటి రోగుల్లో కొందరికి ఒకటో రెండో మాటలు మాత్రం మిగిలి, ఏం చెప్పబోయినా అవే వస్తుంటాయనీ, మనం అన్నది మాత్రం చాలావరకు అర్థమవుతుందనీ మాటల శిక్షణకి వచ్చే అమ్మాయి చెప్పింది. "ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగండి. అవును, కాదు అని జవాబు వచ్చేలా అడగండి. అడిగాక తొందరపడకుండా ఆగండి. అదే ప్రశ్న తిప్పి ఇంకోలా అడిగి సరిచూసుకోండి" అంది. నేను కాయితం మీద రాసుకుని మంచం పక్క గోడకి అంటించాను. ఎంత శ్రద్ధగలదాన్నో అనుకున్నాను.

చిక్కు తీయడానికి నాలుగు రోజులు పట్టింది. కాలేజీకి సెలవు పెట్టాను. గోరువెచ్చని కొబ్బరినూనె ముద్ద మీద ఒంపి, ఒక పూటంతా నాననిచ్చి, వేళ్ళతో పాయ తరవాత పాయ విడదీశాను. చిక్కు ఎప్పుడూ కింది కొసల నుంచి పైకి తీసుకుంటూ రావాలి, పైనుంచి లాగితే ముడి బిగుస్తుంది. ఈ సంగతి చిన్నప్పుడు అమ్మే నా తల మీద నేర్పింది. కుదుళ్ళ దగ్గర రెండు వేళ్ళతో జుట్టు బిగించి పట్టుకుని కింద దువ్వితే మాడు లాగినట్టుండదు. అదీ ఆమె నేర్పిందే. ఆరో తరగతిలో నా తలలో పేలు పడ్డప్పుడు అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుని ఏడుస్తూ దువ్వించుకున్న గంటలన్నీ నా చేతుల్లోకి తిరిగొచ్చాయి. మంచం మీద అమ్మని ఎడమ పక్కకి తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, గంటకి మించి ఆ పక్కనే ఉంచకుండా, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, నాలుగో రోజు సాయంత్రానికి ముద్దంతా విడిపోయింది. పిడికెడు వెంట్రుకలు ఊడి నా చేతిలో ఉన్నాయి. మిగతాదంతా బతికింది. గెలిచాననిపించింది.

తలకి పోయడం డిశ్చార్జి రోజున పెద్ద నర్సు నేర్పింది. వాళ్ళ దగ్గర దీనికి కెల్లీ ప్యాడ్ అని, అంచులకి గాలి నింపే రబ్బరు పరికరం ఉంటుంది. ఇంట్లో అది లేకపోతే పాత దుప్పటిని పొడుగ్గా చుట్టి, గుర్రపు నాడా ఆకారంలో వంచి, దాని మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే కాలువ తయారవుతుంది. షీటు కొస మంచం పక్క నుంచి కింద బకెట్లోకి జారాలి. అద్దెకి తెచ్చిన ఆస్పత్రి మంచానికి తలవైపు పలక ఊడదీస్తే మనం నిలబడడానికి చోటు దొరుకుతుంది. మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి, లేకపోతే తల వెనక్కి వాలిపోయి మెడ పట్టేస్తుంది. చెవుల్లో దూది, కళ్ళ మీద పొడిగుడ్డ. పడిపోయిన చేతిని పట్టుకుని మనిషిని జరపకూడదు, భుజం కీలు జారుతుంది. మొదటి మూడు నెలలూ అమ్మకి ముక్కులోంచి గొట్టం ద్వారా ఆహారం వెళ్ళేది కాబట్టి, తిండి ఎక్కించి గంటన్నర గడిచాక గానీ తల దించి పడుకోబెట్టేదాన్ని కాదు. నీళ్ళ వేడి మణికట్టు లోపలి వైపు చూసుకోవాలి. ఫ్యాను ఆపాలి.

కుంకుడుకాయలతో ఒక్కసారే ప్రయత్నించాను. అమ్మకి జన్మలో షాంపూ పడలేదు. కానీ కుంకుడు రసం కంట్లో పడితే ఆమె తుడుచుకోలేదు, తలతిప్పలేదు, "మంట" అనలేదు. "అదే" అంటుంది. ఆ "అదే" ఏమిటో నాకు తెలిసేసరికి కన్ను ఎర్రబడిపోయింది. పైగా తొక్క ముక్కలు జుట్టులో చిక్కుకుంటే వదిలించడానికి అరబకెట్ నీళ్ళు ఎక్కువ పట్టాయి. ఆ తరవాత పసిపిల్లల షాంపూ ఒక చెంచా, చెంబుడు నీళ్ళలో కలిపి వాడాను. సాంబ్రాణి పొగ కూడా మానేశాను. మింగడమే సరిగ్గా రాని మనిషికి పొగతో దగ్గు తెప్పించడం ప్రమాదం. ఆరాక వెనక ఒక్క జడ వేస్తే ముడి తల కింద ఒత్తుకుంటుంది కాబట్టి, చెవుల పక్కగా రెండు జడలు వదులుగా అల్లి ముందుకి వేసేదాన్ని. నూలు గలీబు జుట్టుని రాపిడి పెడుతోందని అమ్మ పాత పట్టుచీర చెంగు కత్తిరించి దిండుకి తొడిగాను.

ఇదంతా ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా. నీళ్ళు కాచడం నుంచి తడిసిన పక్క మార్చడం దాకా రెండున్నర గంటలు, ఇద్దరు మనుషులు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంట్లో వాళ్ళ ఆలనాపాలనా చూసే పనిలో పాల్గొన్న ఆడవాళ్ళు ఆ పనికి రోజుకి సగటున 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు పెడుతున్నారని అందులో తేలింది. ఆ అంకె చదివినప్పుడు నా ఆదివారాలు అందులో ఎక్కడున్నాయా అని వెతుక్కున్నాను. ఆ సర్వేలో పని లెక్క తేలింది. పని చేస్తున్న మనిషి మనసులో ఏముందో, చేయించుకుంటున్న మనిషి మనసులో ఏముందో లెక్కకి రాదు.

*

జుట్టు కత్తిరించెయ్యమని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. బెంగళూరు నుంచి అన్నయ్య ఫోన్‌లో "గుండు చేయించెయ్యవే, పీడా పోతుంది. నీకూ కాస్త తెరిపి" అన్నాడు. వాడికి నా మీద జాలి ఉంది. ఆదివారం వచ్చి బకెట్ పట్టుకునేంత లేదు. చూడడానికి వచ్చిన బంధువుల్లో ఒక పెద్దావిడ మంచం పక్కన కూర్చుని, అమ్మ వింటుండగానే, "ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంకా ఈ జుట్టెందుకమ్మా ఆవిడకి" అంది.

నా పంతానికి అసలు వేరు అక్కడుంది. ఆ మాటకి నాకు కళ్ళముందు మెదిలింది అమ్మ కాదు, అమ్మ మేనత్త.

అమ్మ పుట్టిల్లు రాజమండ్రి. ఆ ఇంట్లో తాతయ్య అక్కగారు ఉండేది. పద్నాలుగో ఏట భర్త పోయాడు. నాకు ఆవిడ గుర్తుంది. అప్పటికి ముసలిది. తెల్లపంచె నుదుటి దాకా లాక్కుని వంటింట్లో నీడలా తిరిగేది. ఒకసారి ఆ చెంగు జారితే నున్నటి తల చూసి నేను దడుచుకున్నాను. అమ్మ ఎనిమిదేళ్ళప్పుడు, అంటే 1950లో, క్షురకుడు పెరటి దారిన వచ్చేవాడట. నూతి పక్క రాతి మీద మేనత్త కూర్చునేది. పని అయ్యాక ఆవిడ నెత్తిన చెంబుతో చన్నీళ్ళు పోసే పని చిన్నపిల్లయిన అమ్మది. "వణికేది. చలికనుకునేదాన్ని" అని అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసింది 1856లో. కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, అదే రాజమండ్రిలో. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో క్షురక వృత్తివారు సభ పెట్టుకుని, వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారు. శిరోముండనం గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నేను ఈ మూడు సంవత్సరాలూ బోర్డు మీద రాసేదాన్ని. పక్కనే 1950 అని రాసి, మా ఇంటి నూతి గట్టు గురించి చెప్పేదాన్ని. అమ్మాయిలు నిశ్శబ్దంగా వినేవాళ్ళు. ఆ నిశ్శబ్దం నాకు ఇష్టంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

2009లో నాన్న పోయినప్పుడు అమ్మ జుట్టు జోలికి ఎవరూ రాలేదు. కాలం మారింది. పువ్వులు మానేసింది గానీ సాయంత్రం దువ్వుకోవడం మానలేదు. మేనత్తకి దక్కనిది అమ్మకి దక్కిందని నేను లోలోపల ఆ జడని ఒక విజయంగా చూసుకున్నాను. ఇప్పుడు ఆస్పత్రివాళ్ళూ అన్నయ్యా బంధువులూ కలిసి, సౌకర్యం పేరుతో మళ్ళీ నూతి గట్టు మీదికి లాక్కెళుతున్నారనిపించింది. అడ్డం పడ్డాను. ఆదివారాల నా చాకిరీ అంతా ఆ అడ్డం పడడమే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. నా తల మీద జుట్టు లేదు. ఉందిగానీ మెడ దాటదు. 1987లో యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా కత్తిరించుకున్నాను. సెలవులకి ఇంటికెళ్తే అమ్మ తలుపు తీసి నన్ను చూసి "ఎవరు పోయారే?" అంది. రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. జుట్టు ఉంచుకోవాలా తీసేసుకోవాలా అన్నది నా ఇష్టమని ఆమెతో ఎంత వాదించానో! ఎవరి తల మీది జుట్టుకి వాళ్ళే యజమానులని పెద్ద పెద్ద మాటలన్నాను.

*

పగటిపూట అమ్మని చూసుకోవడానికి నల్లగొండ వైపు నుంచి ఒకామె వచ్చేది. నలభై దాటిన మనిషి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. నేనిచ్చే జీతంలో ఏజెన్సీ వాటా పోగా మిగిలింది ఆమెకి. అమ్మని "అమ్మమ్మా" అనీ, నన్ను "మేడమ్" అనీ పిలిచేది. ఆదివారాల్లో తల పట్టుకునేది ఆమె, నీళ్ళు పోసేది నేను. అసలు కష్టం పట్టుకోవడంలోనే ఉంది. నీళ్ళు పోసేవాళ్ళకి పుణ్యం కనపడుతుంది, తల మోసేవాళ్ళకి చేతులు లాగుతాయి. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నాకు తట్టలేదు.

2019 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. కూలరు పెట్టినా అమ్మ తలలో చెమట పొక్కులు లేచాయి. రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నా తల వెనక, ఎముక ఉబ్బెత్తుగా ఉండేచోట, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ వచ్చింది. వేలితో నొక్కి వదిలినా ఎరుపు తగ్గలేదు. అలా తగ్గకపోతే పడకపుండుకి మొదలన్నమాట. ఒత్తయిన జుట్టు కింద అది ఎన్నాళ్ళ నుంచి ఉందో మేం చూడనే లేదు. అమ్మ ఆ చోటికి ఎడమ చెయ్యి తీసుకెళ్ళి "అదే, అదే" అంటూనే ఉంది, వారం పది రోజులుగా. దురదనుకుని నూనె రాశాను.

ఆ రోజు ఆమె అంది: "మేడమ్, తియ్యరాదా జుట్టు? గాలి తగుల్తది. మానుతది."

నేను మేనత్త కథ మొదలుపెట్టాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె అమ్మ వీపుకి పౌడరు రాస్తూ అంతా విన్నది. విని, "అయ్యో పాపం" అంది. తరవాత తన సంగతి చెప్పింది. పెద్దకొడుకు జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకుని తిరుపతిలో గుండిచ్చింది. యాదగిరిగుట్టలో ఒకసారి. అత్త, ఆడబిడ్డ, తనూ ముగ్గురూ ఒకేసారి చేయించుకుని, పసుపు గంధం రాసుకుని, ఫొటో దిగారు. "తల మస్తు తేలికైతది మేడమ్. చల్లగ ఉంటది. మల్ల వస్తది గదా జుట్టు, యాడికి పోతది?" ఆమె మొగుడు పోయి ఆరేళ్ళయింది. "గాజులు పగలగొట్టిన్రు. బొట్టు తీసిన్రు. మాల్లో జుట్టు జోలికి రారు."

ఒకే గుండు. మా ఇంటి ఆడవాళ్ళకి అది మనిషిని బతికుండగా చంపే శిక్ష. ఆమె ఇంటి ఆడవాళ్ళకి బిడ్డ బతికినందుకు చెల్లించే మొక్కు. శిరోముండనం ప్రధానంగా పైకులాల ఆచారమని నేను ఎన్నోసార్లు రాశాను, చెప్పాను. కానీ ఆ వాక్యానికి రెండోవైపు ఉన్న మనిషి తొమ్మిది నెలలుగా మా ఇంట్లో అమ్మ తల మోస్తోందని నాకు అప్పుడే తెలిసినట్టయింది. నా చరిత్రే స్త్రీల చరిత్ర అనుకుని, ఆ బరువు ఆమె చేతుల మీద కూడా పెట్టాను. తిరుపతిలో మూడు కత్తెర్లు ఇచ్చి సరిపెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని, గుండులో ఇంకో అర్థం ఉండగలదని నా పాఠాల్లో ఎక్కడా చోటివ్వలేదు.

ఆమె మాత్రం నాకు పాఠం చెప్పడానికి ఇదంతా అనలేదు. పౌడరు డబ్బా మూత పెడుతూ మామూలుగా అడిగింది: "గిన్ని మాట్లాడుతున్నం గానీ, అమ్మమ్మ ఏమంటదో అడిగిన్రా మేడమ్ ఎన్నడన్న?"

గోడ మీద నేను అంటించిన కాయితం అక్కడే ఉంది.

*

అడగలేదు. దాహమా, నొప్పా, టీవీ పెట్టనా, కిటికీ తెరవనా, అన్నీ అడిగాను. జుట్టు గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటే "తీసెయ్" అంటుందేమోనని నాకు భయం. అంటే నా పోరాటమేమవుతుంది? ఆస్పత్రిలో ఆ పంతొమ్మిదో రోజున, నర్సు నన్నే అడిగింది, నేనే జవాబు చెప్పాను. మంచం మీద కళ్ళు తెరుచుకుని ఉన్న మనిషిని మేమిద్దరమూ అడగలేదు. మేనత్త తల గొరిగించినవాళ్ళు ఆవిడని అడగలేదు. అమ్మ తల కాపాడిన నేనూ అమ్మని అడగలేదు. రెండూ ఒకటని అనను. కానీ అడగకపోవడం మాత్రం ఒకటే.

ఆ సాయంత్రం నాలుగింటికి, అమ్మ ఎప్పుడూ దువ్వుకునే వేళకి, మంచం పక్కన కూర్చున్నాను. ఆమె ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. అవునంటే నొక్కాలి, కాదంటే వదిలెయ్యాలి. అది మా పద్ధతి.

"అమ్మా, జుట్టు ఇలాగే ఉంచనా?"

చెయ్యి వదిలేసింది.

కాసేపాగి, "గుండు చేయించనా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం కష్టమైంది. అమ్మ చెయ్యి లాక్కుని "అదే!" అంది, గట్టిగా. అది కోపం. మేనత్త నెత్తిన నీళ్ళు పోసిన చెయ్యి అది.

"మరి, పొట్టిగా కత్తిరించనా?"

చాలాసేపు ఏమీ లేదు. అర్థం కాలేదేమో, మళ్ళీ అడగాలేమో అనుకుంటుండగా, ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచింది. నా చెవి పక్కకి వచ్చింది. మెడ మీద నా జుట్టు కొసలని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. "అదే" అంది.

ముప్పై రెండేళ్ళ కింద "ఎవరు పోయారే" అన్న మనిషి.

మాటల శిక్షణ అమ్మాయి చెప్పినట్టు ప్రశ్న తిప్పి అడిగాను. మర్నాడు పొద్దున మళ్ళీ అడిగాను. పనిమనిషి ఎదుట ఒకసారి, ఆమె లేకుండా ఒకసారి. జవాబు మారలేదు. మూడోసారికి అమ్మ విసుక్కుంది కూడా.

మా వీధి చివర బ్యూటీ పార్లర్ నడిపే అమ్మాయి ఇంటికొచ్చి కత్తిరించింది. వదులుగా ఉన్న రెండు జడలకీ పైన రబ్బరు బ్యాండు వేసి, దాని మీదుగా కత్తెర వేసింది. పావుగంట పట్టింది. అయ్యాక, "అద్దం చూపించండాంటీ" అంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున నేనే ఆ గదిలో అద్దం తీసి బయట పెట్టేశాను. వంకరపోయిన మూతి చూసుకుని బాధపడుతుందని. అదీ అడగలేదు. వెళ్ళి తెచ్చాను. అమ్మ తొమ్మిది నెలల తరవాత తన మొహం చూసుకుంది. మూతినీ చూసుకుంది, జుట్టునీ చూసుకుంది. తల అటూ ఇటూ తిప్పింది. "అదే?" అంది, ప్రశ్నలాగా. ఒకవైపే కదిలే నోటితో నవ్వింది. పక్కన నిలబడ్డ నల్లగొండ ఆమె, "చిన్న పోరి లెక్కున్నవ్ అమ్మమ్మా" అంది.

మచ్చ పుండు కాకుండానే మానింది. తల కింద ఒత్తిడి పడకుండా చూడడం సులువైంది. ఆదివారం తలంటు పావుగంటలో అయిపోయేది. కావాలంటే వారానికి రెండుసార్లు, ఒక్కరమే చెయ్యగలిగేవాళ్ళం. నీళ్ళు పోస్తుంటే అమ్మ కళ్ళు మూసుకుని ఊఁ ఊఁ అని మూలిగేది, సుఖంగా. అంతకుముందు ఆ శబ్దం వినలేదు. అంతకుముందు రెండున్నర గంటలూ ఆమె నా పంతాన్ని ఓర్చుకుంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ రెండున్నర గంటలూ లేకపోవడం వెలితిగా ఉండేది. అమ్మకి నా చేతులు కావాలని అనుకున్నాను. నా చేతులకే ఆమె జుట్టు కావలసి వచ్చింది. చిన్నప్పుడు అమ్మ ఊడిన వెంట్రుకలు చుట్ట చుట్టి గూట్లో దాచి, వీధిలో చిక్కు వెంట్రుకలు కొనేవాడు వస్తే ఇచ్చి, స్టీలు గిన్నె తీసుకునేది. జుట్టంటే ఆమెకి ఇష్టం, కానీ భక్తి లేదు. భక్తి నాది.

కత్తిరించిన జడలు ఏం చెయ్యాలో ఈసారి అడిగాను. "దాచనా?" అంటే చెయ్యి వదిలేసింది. "తిరుపతి పంపనా?" వదిలేసింది. "పారెయ్యనా?" అంటే నొక్కింది, రెండుసార్లు.

2020 జనవరిలో అమ్మ పోయింది. చివరి స్నానం చేయించినప్పుడు తల తుడవడానికి ఒక్క తువ్వాలు చాలింది. ఆ రెండు జడలూ పట్టుచీర గలీబులో చుట్టి నా బీరువాలో ఉన్నాయి. పారెయ్యమని ఆమె స్పష్టంగా చెప్పింది. నేను ఇంకా పారెయ్యలేదు.